ఉరికే చుక్క, కూసున్న చుక్క

థానే దగ్గరి కనేరిలో మగ్గాల షెడ్డు గోడకు ఆనుకొని మా భిస్సీ ఉంది. భిస్సీ అంటే మగ్గం కూలీలకు నెల వాడుకగా రెండు పూటలా అన్నం పెట్టే ఇల్లు. రేకుల కప్పు, ఒక మూల పొయ్యి, పొయ్యి ముందు నాలుగు వరుసల పట్టాలు, పైన సామాన్లకూ పడకకూ చెక్కల మాళా. నలభై రెండేళ్ళుగా దాన్ని నేనే నడుపుతున్నాను. నా పేరు కనకవ్వ. చదువు మూడో తరగతి దగ్గర ఆగింది కానీ నోరు ఎక్కడా ఆగలేదు. ఈ గల్లీలో నా పులుసుకు వంక పెట్టినవాడు ఒక్కడే. వాడు ఇప్పుడు సూరత్‌లో తింటున్నాడు.

ఇది మాత్రం పెంటవ్వ సంగతి. మా భిస్సీలో పంతొమ్మిదేళ్ళుగా రొట్టెలు చేసేది ఆమే.

పెంటవ్వా, ఆమె మగడు నాగయ్యా సిరిసిల్ల వైపు నుంచి వచ్చారు. అక్కడ గుంట భూమి లేదు. ఆయన ఇక్కడ మగ్గం నడిపేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఒకరోజు పగటి షిఫ్టులో నాగయ్య మంచినీళ్ళు తాగి మగ్గం పక్కన కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. పోగు తెగి మగ్గం దానంతట అదే ఆగేదాకా ఎవరూ చూడలేదు. పెంటవ్వ ఏడవలేదు. గల్లీ ఆడవాళ్ళు ఆమెను రాయి అన్నారు. వాళ్ళ ఏడుపులు నాకు తెలియనివి కావు, మూడో రోజుకల్లా చీరల బేరం దగ్గర ఆరిపోతాయి. పదకొండు రోజులు దాటాక పెంటవ్వ మా గుమ్మంలో నిలబడి, "అక్కా, రొట్టెలు చేస్త. పండుకోను జాగ ఇయ్యి," అంది. మాళా మీద ఒక మూల చూపించాను. ఆమె మూట అక్కడికి ఎక్కింది.

జొన్నరొట్టె చెయ్యడం చపాతీ ఒత్తినట్టు కాదు. పిండి ముద్దను అరచేత్తో తట్టి తట్టి పలచన చెయ్యాలి, పగలకుండా ఎత్తి పెంక మీద వెయ్యాలి, వేసిన వెంటనే పైన తడి చేత్తో నీళ్ళు పులమాలి. పెంక చల్లగా ఉంటే రొట్టె అతుక్కుంటుంది, మరీ వేడైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఎంత వేడుందో పెంటవ్వకు వేళ్ళే చెప్పేవి. మూడు వేళ్ళ కొసలు పెంకకు ఇలా తగిలించి అలా తీసేది. పిల్లవాడి నుదురు పట్టుకొని జ్వరం చెప్పే తల్లి ఉంటుంది చూడండి, అలా. ఆమె రొట్టె అతుక్కోవడం గానీ మాడడం గానీ నేను చూడలేదు. నావి మాడాయి. అది వేరే సంగతి.

తర్వాత ఆమెకు షుగర్ వచ్చింది. ముందు పాదాలు పోయాయి. పోయాయంటే కోసేశారని కాదు, స్పర్శ పోయింది. ఒకరోజు ధామన్‌కర్ నాకా కూడలి దాకా వెళ్ళి ఒక్క చెప్పుతో తిరిగొచ్చింది. రెండోది ఎక్కడ జారిందో తెలియదట. నేను నవ్వాను. ఆ పూట నవ్వి ఉండకూడదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఉడుకుతున్న పప్పు గిన్నెను బట్ట లేకుండా పట్టి దించింది.

"ఏందే, ఇనుప చేతులా నీయి?" అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టి వేళ్ళు చూసుకుంది. "ఏం తెల్వదక్కా."

"ఎన్నాళ్ళ సంది?"

"బతుకమ్మ పండుగ కాణ్ణుంచి."

అప్పటికి ఆరు నెలలు. ఆరు నెలలు ఆమె పెంకను వేళ్ళతో చూడలేదు, చూస్తున్నట్టు నటించింది. పొయ్యి దగ్గర కట్టెల లెక్క అలవాటు కాబట్టి గడిచిపోయింది. ఇన్ని కట్టెలు, ఇంతసేపు, అంతే.

అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. నాది కాదు, మా అత్త నాకు చెప్పింది. "పెంక మీద నీళ్ళు చిలకరించు. సుయ్యిమన్నదా, రొట్టె ఎయ్యి. అననే లేదా, ఇంకా కాలలేదు, మంట పెంచు. వేళ్ళు ఎందుకే నీకు?" ఎంతో గొప్పగా చెప్పాను. నేను ఏది చెప్పినా అట్లాగే చెప్తాను.

అదే వేసవిలో, పొగ వస్తోందని ఎదురు బిల్డింగ్ వాళ్ళు గొడవ పెట్టుకుంటే నా కొడుకు పంకజ్ కట్టెల పొయ్యి తీసేయించి పెద్ద గ్యాస్ బర్నర్ తెచ్చాడు. చుట్టూ రేకు అడ్డం పెట్టారు. మంట బయటికి కనబడదు. దాని హోరు పక్కన మగ్గాల చప్పుడులో కలిసిపోతుంది, పెంక మీద సుయ్యిమనేది ఒక్కటే విడిగా తెలుస్తుంది. మూడు రోజులు పంకజే వెలిగించి, సన్నగా పెట్టి వెళ్ళాడు. నాలుగో రోజు అతను పని మీద కాశేలి గోదాముకు వెళ్ళాడు. పెంటవ్వే వెలిగించుకుంది.

ఆ రోజు నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మొదటి వరుసలో అంకుశం కూర్చున్నాడు. పదిహేనేళ్ళుగా మా దగ్గరే తింటున్న మగ్గం కూలీ, నోటి దురుసులో నాకు సాటి. పెంటవ్వ నీళ్ళు చిలకరించింది. చప్పుడు లేదు. మంట పెంచింది. మళ్ళీ చిలకరించింది. చుక్కలు చప్పుడు చెయ్యకుండా పెంక మీద గుండ్రంగా అటూ ఇటూ తిరిగాయి. నేను చూశాను. చూసి కూడా, "ఇంకా కాలలేదే, ఇంకింత పెంచు," అన్నాను. ఆమె పెంచింది. కాసేపు ఆగింది. చుక్కలు ఇంకా దొర్లుతూనే ఉన్నాయి. ఆమె చెయ్యి చీరకు తుడుచుకొని, వేళ్ళకు తెలియకపోయినా అరచేతికైనా తెలుస్తుందేమోనని అరచెయ్యి పెంక మీద ఆనించింది. ఆనించి, అట్లాగే ఉంచింది.

"చిన్నవ్వా, చెయ్యి! చెయ్యి తియ్యి!" అని అంకుశం అరిచాడు.

అప్పటికే వాసన వచ్చింది. పెంటవ్వ చెయ్యి తీసి దాన్ని చూసింది. ఎవరిదో చూసినట్టు చూసింది. "రొట్టె మాడిందనుకున్న," అంది. పెంక మీద రొట్టె లేదు.

దవాఖానాలో కట్టు కట్టారు. డాక్టరు మరాఠీలో నన్ను తిట్టాడు, పొయ్యి దగ్గరికి పంపొద్దన్నాడు. ఇంటికి వచ్చాక పంకజ్ కూడా అదే అన్నాడు.

"అవ్వా, ఇగ బస్. రేపు పెంక మీద పడితే పోలీస్ కేసు మన మీదకు. కాశేలిల నాకు తెలిసిన ఒకామె ఉంది, రొట్టెలు మస్తు చేస్తది. ఆమెను పెడ్త."

"ఈమె ఎటు పోతది?"

"ఊరికి."

"ఊళ్ళె ఏమున్నదిరా దానికి? ఇల్లు నాగయ్య ఉన్నప్పుడే కూలింది."

"మాళా మీద ఇద్దరికి జాగ లేదు గదా. వచ్చే ఆమెకు అదే కావాలె."

పెంటవ్వ బియ్యం బస్తా మీద కూర్చొని అంతా వింటోంది. ఎడమ చేత్తోనే మాళా ఎక్కి, తీగ మీద ఆరేవి తప్ప తన బట్టలన్నీ మూట కట్టి, పళ్ళతో ముడి బిగించి తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. "పెంక కాడ కూసోనిస్తవా లేదా, గది ఒక్కటి చెప్పు అక్కా. లేదంటే బండెక్కుత," అంది. గొంతులో బతిమాలడం లేదు. పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినట్టు అడిగింది.

చెయ్యి మానేదాకా ఎవరూ ఎక్కడికీ పోరని నేను తేల్చేశాను. మానాక చూద్దామన్నాను. ఆ నెల రోజులూ రొట్టెలు నేనే చేశాను. పంకజ్ బర్నర్ ఎంత మీద ఉంచాలో గీత గీసి పెట్టాడు. పెంక ఆ గీత మాట వినలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకలాగా, యాభై రొట్టెల తర్వాత ఇంకోలాగా కాలేది.

"పెద్దవ్వా, దీన్ని చెప్పు కింద కుట్టుకుంటే వానకాలం ఎల్లిపోతది," అని అంకుశం ఒక రొట్టెను వంచి చూపించాడు.

"కుట్టుకో. నీ నోటికి గూడ ఒక కుట్టు ఎయ్యి," అన్నాను. తిన్నాడు.

శుక్రవారం మగ్గాలకు సెలవు. చప్పుడు ఉండదు. అలాంటి ఒక శుక్రవారం పొద్దున నా మనుమరాలు ప్రాజక్త పొయ్యి దగ్గరికి వచ్చింది. పంకజ్ కూతురు, థానే కాలేజీలో సైన్సు చదువుతోంది. పెంటవ్వ చెయ్యి కాలిన రోజు ఏం జరిగిందో నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకొని, చుక్కలు దొర్లాయన్న దగ్గర పట్టుకుంది.

"బాపమ్మా, అవి దొర్లినయంటే పెంక చల్లగ లేదు. బహుత్ గరమ్ ఉంది."

"గరమైతే సుయ్యనకపోతుండెనా? నలభై ఏండ్ల సంది చూస్తున్న, నువ్వు నిన్న పుట్టినవ్."

"చూపిస్త, ఆగు."

బర్నర్ వెలిగించి, సన్నగా పెట్టి, కాసేపాగి, చెంచాతో ఒక చుక్క వేసింది. సుయ్యిమని పరుచుకొని, పొక్కి, ఒకటి రెండు అనేలోపు మాయమైంది. "చూసినవా?" అన్నాను గెలిచినట్టు. ఆ పిల్ల మంట పూర్తిగా పెంచి అయిదు నిమిషాలు ఆగింది. మళ్ళీ చుక్క వేసింది. ఈసారి చప్పుడు లేదు. చుక్క పరుచుకోలేదు, ముత్యంలా గుండ్రంగా నిలిచి, వణుకుతూ, పెంక మీద ఉరకడం మొదలుపెట్టింది. ప్రాజక్త ఫోన్‌లో సమయం చూస్తోంది. ఇరవై లెక్కపెట్టింది. నలభై. నలభై ఏడు దగ్గర చుక్క చిన్నదై చిన్నదై పోయింది.

పెంటవ్వ కట్టు చెయ్యి ఒడిలో పెట్టుకొని వంగి చూస్తోంది. ఆ నెలలో ఆమె ఒక వస్తువు వైపు అంత సేపు చూడడం అదే మొదలు.

"ఎక్కువ కాలిన పెంక మీద ఎక్కువసేపు బతికిందా?" అంది.

"అవును చిన్న బాపమ్మా. పెంక మరీ కాలి ఉంటే, చుక్క అడుగు దాని దగ్గరికి పోంగనే ఆవిరైతది. ఆ ఆవిరే చుక్కను పైకి లేపి పట్టుకుంటది. అంటే చుక్క పెంకకు తగుల్తనే లేదు. మధ్యల పొర ఉంది, పల్చటిది, వెంట్రుక మందం గూడ ఉండదనుకో. ఆవిరిలకెళ్ళి వేడి జల్ది దాటదు. రజాయి కప్పుకున్నట్టు. అందుకే చప్పుడు లేదు, అందుకే అంతసేపు ఉంటది. కింద రాపిడి లేదు కాబట్టి ఉరుకుతది."

"కింద నిప్పున్నా దానికి తెల్వదన్నట్టు," అంది పెంటవ్వ.

"జరంత తెలుస్తది. మెల్లగ."

పెంటవ్వ తన కట్టు వైపు చూసింది. "మరి నా చెయ్యికి ఆవిరి ఎందుకు అడ్డం రాలే?"

ప్రాజక్త తలవంచుకొని జవాబు చెప్పింది. "చుక్క అంటే అంతా నీళ్ళే కదా. నువ్వు చెయ్యి తుడుచుకున్నవ్. తడి ఉన్నా గూడ, గట్టిగ ఒత్తితే ఆవిరి పక్కలకు పోతది. కాల్తది."

"ఊఁ," అంది పెంటవ్వ.

ఇది రెండు వందల డెబ్బై ఏళ్ళ కింద ఒక జర్మనీ డాక్టరు రాసి పెట్టాడట. ఎర్రగా కాలిన ఇనప గరిటెలో నీటి చుక్క వేసి, అది ఎంతసేపు ఉంటుందో ఊగే గుండుతో లెక్కపెట్టాడట. ఆయన ఇంట్లో వండిపెట్టే ఆడది లేదేమో, ఉంటే ఆమెను అడిగితే సరిపోయేది కదా అన్నాను. అన్నాక తోచింది, నన్ను అడిగి ఉంటే తప్పే చెప్పేదాన్ని. నలభై ఏళ్ళు ఆ చుక్కలు నా ముందు ఎప్పుడో ఒకప్పుడు దొర్లే ఉంటాయి. కట్టెల పొయ్యి మీద అంత వేడి అరుదు కాబట్టి నేను పట్టించుకోలేదు. మా అత్తా పట్టించుకోలేదు. తప్పు మాటను కూడా ధీమాగా చెప్తే అది ఇంటి ఆచారమవుతుంది.

అప్పుడే అంకుశం సెలవు రోజు అన్నానికి వచ్చాడు. చుక్క ఉరకడం చూసి వాడికి సరదా పుట్టింది, గ్లాసు నీళ్ళు తెచ్చుకొని చిలకరిస్తూ కూర్చున్నాడు. "ఇది ఎప్పుడు చూసినా చిన్నవ్వ దిక్కే ఉరుకుతుంది. ఆమె మీద మనసు పడ్డట్టుంది," అన్నాడు.

"పెంక అటు వంగి ఉంది కాకా, అంతే," అంది ప్రాజక్త. తర్వాత ఇంకో మాట చెప్పింది. ఇనప రేకు మీద రంపం పళ్ళలాగా, ఒక పక్క ఏటవాలు, ఒక పక్క నిటారు, వరుసగా గీతలు చెక్కి బాగా కాలిస్తే, చుక్క ఎటు పడితే అటు పోదట. ఎప్పుడూ ఒకే వైపుకు నడుస్తుందట. కింద నుంచి పోయే ఆవిరి ఆ పళ్ళ వెంట ఒక దిక్కుకే పారి చుక్కను లాగుతుందట. కొంచెం ఎత్తు మీదికి కూడా ఎక్కుతుందట.

"నీళ్ళు పైకెక్కుడా? గప్పాలు కొట్టకు బిడ్డా."

"సచ్చీ కాకా, వీడియో చూపిస్త."

వీడియో చూసి అంకుశం తల గోక్కున్నాడు. "మా మగ్గం మీద బట్ట చుట్టుకునే పళ్ళచక్రం లెక్క ఉన్నది. ముందుకే తిరుగుతది, ఎనుకకు రాదు. నీళ్ళకు గూడ మగ్గం పెట్టినరన్నట్టు." ఆ తర్వాత అన్నం పెట్టమన్నాడు.

పెంటవ్వ ఈ వీడియో చూడలేదు. ఎడమ చేత్తో బర్నర్ తిప్పుతూ, పెంకనే చూస్తోంది. మంట పూర్తిగా ఆర్పింది. పెంక చల్లబడేదాకా కూర్చొని, మధ్య మధ్య ఒక్కో చుక్క వేసింది. ముందు ఉరికింది. తర్వాత సుయ్యిమంది. ఇంకా తర్వాత, పెంక బాగా చల్లారాక, చుక్క పడ్డచోటే పరుచుకొని, చప్పుడు లేకుండా ఉండిపోయింది.

"అక్కా," అంది. "చప్పుడు లేకపోవుడు రెండు తీర్లు. ఉరికే చుక్క, కూసున్న చుక్క. ఉరికితే దించాలె. కూసుంటే పెంచాలె. నువ్వు ఒక్కటే చెప్పినవ్."

"ఒక్కటే చెప్పిన," అన్నాను. తప్పయిందని నేను ఎవరికీ చెప్పి ఎరగను. అదే చెప్పినట్టు లెక్క.

చెయ్యి మానింది. అరచేతి తోలు నున్నగా, మెరుస్తూ, గీతలు లేకుండా వచ్చింది. నేను పంకజ్‌ను కూర్చోబెట్టి చెప్పాను: ఒక మధ్యాహ్నం మొత్తం ఆమె చేస్తుంది. పెంకకు చెయ్యి తగిలినా, ఒక్క బంతి రొట్టెలు చెడినా, కాశేలి ఆమె వస్తుంది, మూట బండెక్కుతుంది. ఆ మాట తప్పను. చెడకపోతే ఇంకెప్పుడూ ఊరి మాట ఎత్తొద్దు. పంకజ్ ఒప్పుకున్నాడు. పెంటవ్వ విని తలూపింది. మూట ఇంకా గుమ్మం పక్కనే ఉంది. నెల రోజులుగా దాన్ని దాటుకుంటూనే లోపలికీ బయటికీ నడుస్తున్నాం.

సోమవారం మధ్యాహ్నం. మగ్గాలు మోగుతున్నాయి, నాలుగు వరుసలూ నిండాయి. పంకజ్ గోడకు ఆనుకొని చేతులు కట్టుకున్నాడు. పెంటవ్వ ఒక గిన్నెలో నీళ్ళు, ఒక కర్రకు చుట్టిన గుడ్డ, రొట్టె తిప్పే చిమ్టా పెట్టుకుంది. రొట్టె మీద నీళ్ళు పులమడానికి చెయ్యి బదులు ఆ గుడ్డ. పెంక మీద చుక్క వేసింది. ఉరికింది. మంట దించింది. ఆగింది. ఇంకో చుక్క. సుయ్యిమంది. రొట్టె వేసింది.

మొదటిది నేనే విరిచి చూశాను. నా పళ్ళు నాలుగే అయినా అబద్ధం చెప్పవు. బాగుంది. ఆ తర్వాత ఆమె అయిదు రొట్టెలకు ఒకసారి చుక్క వేస్తూ పోయింది. మొదటి వరుస లేచింది, రెండో వరుస లేచింది, వాళ్ళ కంచాలు తీసేదాకా రొట్టెలు కాసేపు ఆగాయి. మూడో వరుసలో అంకుశం చెయ్యి కడుక్కొని కూర్చున్నాడు.

అప్పుడు చుక్క చప్పుడు చెయ్యలేదు.

నాకు అక్కడి నుంచి చుక్క కనబడలేదు. సుయ్యిమనలేదని మాత్రం అర్థమైంది. పంకజ్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. పెంటవ్వ చెయ్యి బర్నర్ తిప్పే పిడి మీదికి పోయింది. ఇన్ని రొట్టెల తర్వాత పెంక మండిపోతూ ఉంటుంది కదా, ఉరికే ఉంటుంది, దించుతుంది అనుకున్నాను. ఆమె దించలేదు, పెంచనూ లేదు. చెయ్యి అక్కడే ఉంచి పెంక మీదికి వంగింది. ఇంకో చుక్క వేసింది. ఇంకోటి.

"ఏమాయె చిన్నవ్వా, ఆకలైతుంది," అన్నాడు అంకుశం.

"ఆగు."

పంకజ్ నా వైపు చూశాడు. నేను ఆమె చేతినే చూస్తున్నాను. నున్నటి చెయ్యి పిడి మీద ఉంది, పెంక మీదికి పోలేదు.

"మూడూ కూసున్నయి," అంది పెంటవ్వ. "పడ్డకాడనే ఉన్నయి. పంకజ్ బిడ్డా, గ్యాస్ ఒడిసింది."

పంకజ్ వంగి రేకు పక్కకు జరిపి చూశాడు. మంట లేదు. ఎప్పుడు ఆరిపోయిందో ఎవరికీ తెలియదు. అతను ఖాళీ సిలిండర్ విప్పి, లోపలి నుంచి నిండుది దొర్లించుకొచ్చి బిగించాడు. అంతసేపూ పెంటవ్వ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. చూసేవాళ్ళకు ఆమె ఏదో ఆలోచిస్తోందనిపిస్తుంది. ఏమీ ఆలోచించదు. నాకు తెలుసు.

"అయింది, వెలిగించు చిన్నవ్వా," అన్నాడు పంకజ్. అని, కాశేలి ఆమెకు వద్దని చెప్పడానికి ఫోన్ తీసుకొని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర మూట కాలికి తగిలితే దాన్ని ఎత్తి, మాళా మెట్టు మీద పెట్టి పోయాడు.

నాలుగో వరుస కూడా తిని లేచింది. పెంటవ్వ పెంక తుడిచి గోడకు ఆనించింది. మెట్టు మీది మూట తీసుకొని మాళా ఎక్కింది. నేను కింద నుంచి, "ఇగ ఇప్పుకోరాదే, ఆ ముడి," అన్నాను.

"ఇప్పుదాం తియ్యక్కా," అంది పై నుంచి.

అది జరిగి నాలుగు నెలలు. రొట్టెలు రోజూ ఆమే చేస్తోంది, ఒక్కటీ మాడలేదు. మూట మాత్రం మాళా మీద ఆమె తలగడ పక్కనే ఉంది, అదే ముడితో. అడిగితే, వేళ్ళకు ముడి దొరకడం లేదంటుంది. నేను విప్పుతానంటే ఇవ్వదు.